నవ్విన రోజున పంపవలసిన కాగితం

గువ్వలలంక,
(భీమడోలు మీదుగా)
జూలై, 1934

పూజ్యులైన మేనత్త రత్నమాణిక్యంగారికి మేనకోడలు రాజకుమారి వందనములతో వ్రాయునది.

నేను ఇక్కడికి క్షేమంగా చేరాను. భీమడోలులో రైలు దిగి, బండి మీద కొల్లేటి గట్టుదాకా వచ్చి, అక్కడ తాటిదోనె ఎక్కాను. తాటిమొద్దు తొలిచి చేసిన దోనెలో కూర్చున్నవాళ్ళు తుమ్మకూడదని ఎక్కాక గాని నాకు తెలియలేదు. ఏలూరు ట్రెయినింగు స్కూల్లో నేను గీసిన పటాలన్నీ తడవకుండా వచ్చాయి.

ఇది చేపలు పట్టుకునేవాళ్ళ ఊరు. చుట్టూ నీళ్ళే. మెరక మీద ఒక పాక, అందులో సగం బడి, సగం నా ఇల్లు. తోడుగా ఉండడానికి మిషనువారు సూరమ్మగారనే పెద్దావిడను పంపారు. చెవులు బొత్తిగా వినిపించవు గాని చేతివంట బాగుంటుంది.

బడి తెరిచిన రోజు సంగతి మీకు చెప్పితీరాలి. భీమడోలు స్టేషనుమాస్టరుగారిని అడిగి ఒక రైలుపట్టా ముక్క తెచ్చుకున్నాను. దాన్ని బడి ముందు గుంజకు వేలాడగట్టి, పొద్దున్నే ఇనుపకడ్డీతో గట్టిగా వాయించాను. నలుగురు పిల్లలైనా వస్తారా అని బెంగగా ఉంది. అత్తయ్యగారూ, ఊరంతా వచ్చింది! ఆడవాళ్ళు పొయ్యి మీది కుండలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. నీళ్ళ మీదున్న మగవాళ్ళు దోనెలు తిప్పుకుని, చేతుల్లో గెడలతో, తడిబట్టలతోనే వచ్చారు. ఈ జనానికి చదువంటే ఇంత ఆపేక్ష ఉందని ఏలూరులో ఎవరూ చెప్పలేదే! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. బల్ల మీద నిలబడి విద్య వల్ల కలిగే లాభాలను గురించి కొంతసేపు మాట్లాడాను. అందరూ కిక్కురుమనకుండా విని వెళ్ళిపోయారు. ఊరిపెద్ద ముసలయ్యగారు మాత్రం వెళుతూ వెళుతూ "సరేనండీ అమ్మాయిగారూ" అన్నారు.

నాకు ముందు వచ్చిన ముగ్గురూ ఏడాదైనా తిరక్కుండా ఈ బడి వదిలి వెళ్ళారట. ఎందుకు వెళ్ళారో నాకు బొత్తిగా అర్థం కావడం లేదు.

తమ విధేయురాలు,
రాజకుమారి


తాడేపల్లిగూడెం,
జూలై, 1934

చిరంజీవి కుమారికి అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఊరంతా వచ్చిందంటే సంతోషమే. నేనిన్నేళ్ళు పంతులమ్మగిరీ వెలగబెట్టాను గాని, నా గంట విని పొయ్యి మీద కుండ వదిలేసిన ఆడదాన్ని ఒక్కదాన్నీ చూడలేదు. ఏమో, కొల్లేటి నీళ్ళ మహిమ కాబోలు.

మీ నాన్న నిత్యానందం ప్రతి ఆదివారం ఆరాధన అయీ కాకముందే ఏలూరునుంచి రైలెక్కి వచ్చి నా మీద ఎగురుతున్నాడు. "ఏలూరులో ఉద్యోగం చూసుకునే పిల్లని నీళ్ళ మధ్య దింపావు కదే అక్కా" అంటాడు. అవును, నీ పేరు చెప్పింది నేనే. ఈసారి వెళ్ళిన పంతులమ్మ కూడా వచ్చేస్తే ఆ బడికి తలుపులు మూసేస్తామని మిషను మేనేజరుగారు తేల్చి చెప్పారు. అప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు. చిన్నప్పుడు నిన్ను కందిరీగ కుట్టినా చేతిలో జామకాయ వదల్లేదు.

ఒక్క లోటు కనిపించింది నీ ఉత్తరంలో. దోనె ఉంది, పటాలున్నాయి, సూరమ్మ చేతివంట ఉంది. ఒక్క పిల్ల పేరన్నా లేదు. ఈసారి పేర్లు రాయి. ఎవరు ముందు కూర్చుంటారు, ఎవరికి ముక్కు కారుతుంది, ఎవరు ఎవర్ని గిల్లుతారు, అన్నీ రాయి.

మీ అత్తయ్య,
రత్నమాణిక్యం


గువ్వలలంక,
ఆగస్టు, 1934

పూజ్యులైన అత్తయ్యగారికి వందనములు.

ఇక్కడ అంతా క్షేమం. వానలు పడుతున్నాయి. నీటి మట్టం పెరుగుతోంది. గూడబాతులు వందలకొద్దీ వచ్చాయి. సూరమ్మగారు కొరమేను పులుసు పెట్టారు. పాఠాల నోట్సు వచ్చే నెలదాకా రాసి పెట్టుకున్నాను. భారతదేశ పటానికి రంగులు వేశాను. పిల్లలు క్షేమం.

నాన్నగారితో నేను సంతోషంగా ఉన్నానని చెప్పండి.

తమ విధేయురాలు,
రాజకుమారి


తాడేపల్లిగూడెం,
ఆగస్టు, 1934

కుమారీ,

పిల్లలు క్షేమం అన్నావు. ఏ పిల్లలు?

బడి నడుస్తున్న పంతులమ్మకు వచ్చే నెల నోట్సు రాసుకునే తీరిక ఉండదే తల్లీ. దేశపటానికి రంగులు వేసే తీరిక అసలే ఉండదు. గూడబాతుల సంగతి నాకక్కర్లేదు. నిజం రాయి. మీ నాన్నకు చెప్పను.

అత్తయ్య


గువ్వలలంక,
ఆగస్టు, 1934

అత్తయ్యా,

నిజం రాస్తున్నాను. బడికి ఎవరూ రావడం లేదు. గంట కొట్టిన ఆ మొదటి రోజు తరవాత ఒక్క పిల్ల గడప తొక్కలేదు. మర్నాడు గంట కొట్టబోతే ముసలయ్యగారు వచ్చి, కోపం లేకుండానే, "వద్దులెండి అమ్మాయిగారూ" అని కడ్డీ నా చేతిలోంచి తీసుకుని చూరులో దోపేశారు. ఎందుకని అడిగితే "మీకు తెలియనిదేముందండీ" అన్నారు. నాకేం తెలుసు? నాకేమీ తెలియదు!

రోజూ ముఖం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళి ఖాళీ బడిలో కూర్చుంటాను. పిల్లలు బడి పక్కనుంచే దోనెల మీద వెళతారు. నన్ను చూసి తలలు దించుకుంటారు. వాళ్ళ అమ్మలు నాకు చేపలు పంపుతారు, గట్టు దాటుతుంటే చెయ్యి అందిస్తారు, పిల్లల్ని మాత్రం పంపరు. తిట్టినా బాగుండును. మన మతమంటే వీళ్ళకు గిట్టదేమో. నేనంటేనే గిట్టదేమో. సూరమ్మగారితో చెప్పుకుందామంటే ప్రతి మాటా అరిచి చెప్పాలి. ఏడుపు అరిచి ఎలా చెబుతాను?

ఆ ముగ్గురూ ఎందుకు వెళ్ళిపోయారో ఇప్పుడు తెలిసింది. నేను పంతులమ్మగా పనికిరానత్తయ్యా. ట్రెయినింగులో మొదటి మార్కు వచ్చినంత మాత్రాన ఏమైంది? రాజీనామా రాసి, సంతకం పెట్టి, దీనితోపాటే పంపుతున్నాను. మేనేజరుగారికి మీ చేతుల మీదుగా ఇవ్వండి. నన్ను కోప్పడకండి.

మీ
కుమారి


తాడేపల్లిగూడెం,
ఆగస్టు, 1934

నా తల్లీ,

కోప్పడను. ఇన్నాళ్ళకు ఒక ఉత్తరం రాశావు. ఇంతకుముందు వచ్చినవి ఇన్స్పెక్టరుకి పంపే రిపోర్టులు.

నీ కాగితం నా దగ్గర ఉంది. చింపలేదు, చింపను కూడాను. మేనేజరుగారికి తప్పకుండా పంపుతాను, కాని ఒక షరతు. ఏడ్చిన రోజున రాసిన రాజీనామా పంపడం మన ఇంటావంటా లేదు. నువ్వు కడుపారా నవ్విన రోజు ఒకటి వస్తుంది. ఆ రోజున కూడా నీకు వెళ్ళిపోవాలనే ఉంటే "పంపండి" అని ఒక్క ముక్క కార్డు మీద రాసి పడెయ్యి. మరుక్షణం పంపి, నేనే గట్టుదాకా వచ్చి నిన్ను బండెక్కించుకుంటాను. మీ నాన్నతో కూడా నేనే మాట్లాడతాను. నువ్వు ఉండాలని నేను బతిమాలడం లేదు. నవ్వొచ్చేదాకా ఆగమంటున్నాను, అంతే.

పనికిరానిదాన్ని అన్నావు. బడికి పిల్లలు రాకపోతే పంతులమ్మ పనికిరాదని ఎవరు చెప్పారు నీకు? నీ ట్రెయినింగులో పాఠం చెప్పడం నేర్పారు గాని, పాఠం వినేవాళ్ళు లేనప్పుడు ఏం చెయ్యాలో నేర్పలేదు. అది వాళ్ళ లోటు. ఇక రోజూ రెండు పూటలా కడుపునిండా తిను. ప్రతి శనివారం నాకు ఒక ఉత్తరం రాయి, అందులో ఒక్క మంచి మాట ఉన్నా తిప్పి పంపేస్తాను. ఎవర్నైనా తిట్టాలనుంటే నన్ను తిట్టు, దగ్గర్లో లేను కనుక దెబ్బ తగలదు.

ఇంకొక పని. నువ్వు ఆ ఊరికి అక్షరాలు ఇవ్వడానికి వెళ్ళావు. ఇచ్చేవాళ్ళ ముందు మనుషులు నోరు విప్పరు. ఎవరింటికైనా అడగడానికి వెళ్ళు. చింతపండు అడుగు. నీ పెట్టెలో ఉంటే ఉండనీ, లేదని చెప్పు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మాటా అంతే. చింతపండు చేతికొచ్చాక వెంటనే లేచి రాకు, అక్కడే గడప మీద కూర్చో.

అత్తయ్య


గువ్వలలంక,
సెప్టెంబరు, 1934

అత్తయ్యా! అత్తయ్యా!

ఎక్కడ మొదలుపెట్టను? చింతపండు దగ్గరే మొదలుపెడతాను.

పక్క గుడిసె మరిడమ్మగారింటికి వెళ్ళాను. ఆవిడ వల బాగుచేసుకుంటోంది. "కాస్త చింతపండు ఉంటే పెడతారా అండీ?" అన్నాను. ఆవిడ నా వంక విచిత్రంగా చూసి, లేచి, గుప్పెడు తెచ్చి ఇచ్చింది. మీరు చెప్పినట్టే గడప మీద కూర్చున్నాను. ఎంతసేపటికీ లేవకపోయేసరికి ఆవిడకే ఉండబట్టలేదు.

"ఏవండీ అమ్మాయిగారూ, ఒక మాట అడగనా? మామీద అంత చులకన ఏంటండీ మీకు?"

చులకనా? నాకా? ఏడుపు ఆపుకోలేకపోయాను. అప్పుడు ఆవిడ వల పక్కన పెట్టి సంగతంతా చెప్పింది.

ఈ లంకలో ఇనుము ఊరికే మోగించరట. ఊరి నడుమ పాకలో ఒక ఇనుపముక్క వేలాడుతుంది. గాలివానకు ఎవరి దోనె అయినా తిరిగి రాకపోతేనే దాన్ని కొడతారు. అది వింటే ఎక్కడివాళ్ళు అక్కడ వలలు, మావులు వదిలేసి ఒడ్డుకు రావాలి. మావులంటే వీళ్ళు చేపలకు పెట్టే వెదురు బుట్టలు. నేను ఆ రోజు కొట్టింది ఆ గంట, అత్తయ్యా! వాళ్ళు పరిగెత్తుకొచ్చింది ఎవరు పోయారో చూద్దామని. నేనేమో బల్లెక్కి విద్య వల్ల లాభాలు చెప్పాను.

"కిందటేడు గాలివానలో అది మా పెద్దోడి కోసం మోగిందండీ. దొరకలేదండీ. మళ్ళీ మీరు కొట్టారండీ. మా ఆయన, చిన్నోడు ఇద్దరూ నీళ్ళ మీదే ఉన్నారండీ" అని మరిడమ్మగారు చెబుతుంటే ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను.

"తెలియక కొట్టానమ్మా" అన్నాను.

"మీరు పెద్ద చదువు చదివారు కదండీ, మీకు తెలియదని మాకెలా తెలుస్తుందండీ? తెలిసే లెక్కచేయలేదనుకున్నాం. పొరపాటున గంట కొట్టినవాళ్ళు గడపగడపకీ వెళ్ళి 'మీవాళ్ళు ఒడ్డుకు చేరారమ్మా' అని చెప్పాలండీ. అప్పుడుగాని ఆ గంట ఆగినట్టు కాదండీ. మీరు చెప్పలేదు. మాకింకా అది మోగతానే ఉందండీ. అలా మోగుతున్న చోటికి పిల్లల్ని ఎలా పంపుతామండీ?"

ఆ సాయంత్రమే బయలుదేరాను. మరిడమ్మగారు తోడొచ్చింది. ఒక్క గుడిసె వదల్లేదు. ప్రతి గడప ముందూ నిలబడి "మీవాళ్ళు ఒడ్డుకు చేరారమ్మా" అన్నాను. ఒక ముసలావిడ నా గెడ్డం పట్టుకుని, "ఎప్పుడనగా చేరాడమ్మా, బువ్వ తిని గుర్రు కూడా పెడుతున్నాడు. అయినా చల్లని మాట చెప్పావు, చల్లగా ఉండు" అంది. ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని చంటిపిల్లను నా చేతికిచ్చింది. ఆఖరికి ముసలయ్యగారిల్లు. ఆయన లేచి నిలబడి చేతులు జోడించి విన్నారు. విన్నాక ఏమన్నారో తెలుసా?

"ఆ రోజు బల్లెక్కి చాలా బాగా మాట్లాడారండీ అమ్మాయిగారూ. మా గుండెలు దడదడలాడి ఒక్క ముక్కా చెవికెక్కలేదు గాని. మళ్ళీ చెబుతారా అండీ?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ చెప్పలేదు లెండి.

మర్నాడు పొద్దెక్కాక పిల్లలొచ్చారు. ముందు వచ్చింది మరిడమ్మగారి చిన్నకొడుకు చిన్నరాజు. వాడికి ముక్కు కారుతుంది. రామలక్ష్మి ముందు కూర్చుంటుంది, సత్తిరాజు దాన్ని గిల్లుతాడు. నూకాలు తమ్ముణ్ణి చంకనేసుకుని వస్తుంది, ఆ తమ్ముడికి నా సుద్దముక్కలు తినడం ఇష్టం. పోలయ్య ఏ ప్రశ్నకైనా "చేప" అంటాడు. తెల్లారి మావులు ఎత్తి వచ్చాక గాని వీళ్ళకు తీరదు, అందుకని బడివేళ మార్చేశాను. గంట తీసేశాను. నా పాత తెల్లచీర సగం చించి వెదురుగెడకు కట్టాను. అది పైకి లేస్తే బడి ఉన్నట్టు. నీళ్ళ మీదనుంచి కూడా కనిపిస్తుందట.

మీ
కుమారి

ఇంకొకటి: ఇది నవ్విన రోజు కాదు. ఏడ్చిన రోజే. కాని వేరే ఏడుపు.


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు, 1934

కుమారికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, ఇక దాచేదేమీ లేదు కనుక మీ నాన్నకు కూడా చదివి వినిపించాను. చింతపండు దగ్గర కోపంగా విన్నాడు. గడపల దగ్గరకొచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ ఆదివారం నన్ను తిట్టలేదు. నాకు ఏదో వెలితిగా ఉంది.

ఒక్క హెచ్చరిక. ఇక అంతా నల్లేరు మీద బండి నడక అనుకోకు. చలికాలంలో ఒకసారి, పరీక్షల ముందొకసారి మళ్ళీ ఏడుపొస్తుంది. వస్తే నీకేదో జబ్బు చేసిందనుకోకు, పంతులమ్మలందరికీ వచ్చేదే. శనివారం ఉత్తరాలు మానకు. చిన్నరాజుకి ముక్కు తుడుచుకోవడం నేర్పు, అక్షరాలు ఎక్కడికీ పోవు.

అత్తయ్య


గువ్వలలంక,
నవంబరు, 1934

అత్తయ్యా,

నీళ్ళు పెరిగి, గాలి కొట్టి బడి కప్పు లేచిపోయింది. భారతదేశ పటం కొల్లేటిపాలు. కన్యాకుమారి వైపు ముక్క మాత్రం నూకాలుకి కిక్కిసగడ్డిలో దొరికింది. రాత్రంతా తడిశాం. ఏడ్చాను. తిట్టాలని ఉంది, మిమ్మల్ని తిట్టాను, దెబ్బ తగిలిందేమో చూసుకోండి.

కాని ఇది ఏడ్చిన రోజు కనుక కాగితం సంగతి ఎత్తడం లేదు. మాట మాటే. ముసలయ్యగారు కప్పు కోసం మనుషుల్ని పంపారు. అందాకా పిల్లలు మరిడమ్మగారి అరుగు మీద చదువుతున్నారు. పోలయ్య నిన్న ఒక ప్రశ్నకు "కొరమేను" అన్నాడు. చదువు ముందుకు సాగుతోందనే అనుకుంటున్నాను.

కుమారి


గువ్వలలంక,
ఫిబ్రవరి, 1935

అత్తయ్యా,

నవ్విన రోజు వచ్చింది. మీకు మాటిచ్చాను కనుక దాచకుండా రాస్తున్నాను.

నిన్న ఏలూరునుంచి ఇన్స్పెక్టరుగారు వచ్చారు. చాలా గంభీరమైన మనిషి. దోనె దిగేటప్పుడు ముసలయ్యగారు "నిదానమండీ" అంటూనే ఉన్నారు, ఆయన నిదానంగానే నీళ్ళలో పడ్డారు. తలపాగా తేలిపోతుంటే చిన్నరాజు దూకి తెచ్చి, పిండి, వంగి నమస్కారం పెట్టి ఇచ్చాడు. వాడి ముక్కు శుభ్రంగా ఉంది, అది మీరు గమనించాలి. అప్పటికే నాకు నవ్వు తన్నుకొస్తోంది గాని పెదవి కొరుక్కుని నిలబడ్డాను.

ఆయన మరిడమ్మగారి మొగుడి పంచె కట్టుకుని బడిలో కూర్చున్నారు. లెక్కలు అడిగారు, పిల్లలు చెప్పారు. చదివించారు, చదివారు. అప్పుడు భూగోళం.

"చుట్టూ నీళ్ళుండి మధ్యలో ఉన్న నేలను ఏమంటారు?" అన్నారు.

ద్వీపం అని నేను నెలరోజులు నేర్పాను అత్తయ్యా. ఒక్కళ్ళూ మాట్లాడరు. చివరికి రామలక్ష్మి లేచి, పాపం ఈయనకు ఇంత చిన్న విషయం తెలియదే అన్నట్టు జాలిగా చూసి, "మా ఊరు అంటారండీ" అంది.

ఆ ఇన్స్పెక్టరుగారే ముందు నవ్వారు, పంచె జారిపోతుంటే పట్టుకుని మరీ నవ్వారు. నేను గోడకు ఆనుకుని కడుపు పట్టుకున్నాను. ఏమీ వినిపించని సూరమ్మగారు కూడా మమ్మల్ని చూసి నవ్వారు. వెళ్ళేముందు ఆయన, బడి నడవాలని రిపోర్టు రాస్తాననీ, నేనిక్కడే ఉంటానా అనీ అడిగారు. తరవాత చెబుతానన్నాను. ముందు మీకు చెప్పాలి కదా.

రాత్రి పడుకుని మీ షరతు ప్రకారం నన్ను నేను అడిగి చూసుకున్నాను. ఇంత నవ్వాక కూడా వెళ్ళిపోవాలని ఉందా? పొద్దున్న లేచేసరికి తెల్లచీర జెండా ఎత్తే వేళ దాటిపోయింది. జవాబు వెతుక్కునే తీరిక లేక జెండా ఎత్తడానికి పరిగెత్తాను.

అందుకని రాస్తున్నాను. పంపండి. మేనేజరుగారికి కాదు, నాకు. పక్క లంకలో బడికి పాపమ్మ అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. ట్రెయినింగులో నా తరవాతి క్లాసు. నిన్న దోనె మీద ఉత్తరం పంపింది: అంతా క్షేమం, గూడబాతులు చాలా అందంగా ఉన్నాయి అని. ఒక్క పిల్ల పేరు లేదు. నా కాగితం చూపిస్తే దానికి ధైర్యం వస్తుందని నా ఆశ.

మీ
కుమారి


తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి, 1935

కుమారీ,

నీ ఉత్తరం చదువుతూ క్లాసులో నవ్వితే పిల్లలు హడలిపోయారు. మీ నాన్న "మా ఊరు అంటారండీ" అని ఏలూరులో కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నాడు, తనే చెప్పినట్టు.

కాగితం మాత్రం పంపను.

ఆ పిల్లకు దాన్ని చూపిస్తే ఏమనుకుంటుంది? రాజకుమారి గట్టిది కనుక నిలబడింది, నేను చేతకానిదాన్ని అనుకుంటుంది. మునిగేవాళ్ళకు మన ఈత సంగతులు చెప్పకూడదు తల్లీ. వచ్చే శనివారం దోనె కట్టించుకుని నువ్వే వెళ్ళు. చింతపండో ఉప్పో ఏదో ఒకటి అడుగు. గడప మీద కూర్చో. ఏడిస్తే ఏడవనీ. రాజీనామా రాస్తానంటే వద్దనకు, కలం అందించు. రాసింది తీసుకుని, నవ్విన రోజున పంపుతానని మాటివ్వు. మాటిస్తే నిలబెట్టుకోవాలి సుమా, నిజంగా పంపమంటే పంపాలి.

నీ కాగితం గురించి దిగులు పడకు. నా ట్రంకుపెట్టె అడుగున, నా కాగితం పక్కనే భద్రంగా ఉంది. నాది భీమడోలు బడిలో మొదటి ఏడు రాసింది. మా అచ్చాయమ్మ పంతులమ్మగారు దాచి, ఉద్యోగం చాలించి వెళ్ళే రోజున నా చేతిలో పెట్టారు.

పెట్టెలో ఇంకా చోటుంది. కాని పాపమ్మది నీ దగ్గరే ఉండాలి.

మీ అత్తయ్య,
రత్నమాణిక్యం